అంకమ్మ చేటల లెక్క

అల్లుడు రేకు పెట్టె తెచ్చి వసారాలో పెట్టాడు. మా చెంచురామయ్య దాన్ని ఎత్తుకెళ్ళి మళ్ళీ గదిలో పెట్టాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇది రెండోసారి. ఇద్దరి నోటా ఒక్క మాట లేదు.

అన్నదమ్ములైతే కేకలేసుకుని, ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని, సాయంత్రానికి మళ్ళీ ఒకే అరుగు మీద కూర్చుంటారు. మామా అల్లుళ్ళకి ఆ సుఖం లేదమ్మా. అల్లుడి మీద గొంతు లేపకూడదు, మామగారికి ఎదురు చెప్పకూడదు. ఇద్దరికీ పాపం ఆ పెట్టె ఒకటి దొరికింది.

పెట్టెలో ఉన్నవి మా మనవరాలు కోటిరత్నం బట్టలు. తొలిచూలు మనిషి, నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని చెంచురామయ్య, అంటే నా కొడుకు, మిరప కోతలు మొదలవకముందే గుంటూరు వెళ్ళి కూతుర్ని తెచ్చుకున్నాడు. ఇప్పుడు అల్లుడొచ్చి దాన్ని తిరిగి గుంటూరు తీసుకెళ్తానంటున్నాడు. ఆసుపత్రిలో చేరుస్తాడట.

అల్లుడి పేరు సీతారామాంజనేయులు. పేరు పొడుగే గాని మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. పత్తి మిల్లులో గుమాస్తా, బ్రాడీపేటలో కాపురం. పోయిన ఆదివారం భార్యను చూడ్డానికి వచ్చి, దాని కాళ్ళు చూసి, భోజనమవగానే లేచి వెళ్ళాడు. వెళ్ళి ఎవరో లేడీ డాక్టరుని అడిగాడు. నొప్పులు వచ్చేదాకా కూర్చోవద్దు, వెంటనే తీసుకురమ్మందట ఆవిడ. అందుకే నిన్న దీపాలు పెట్టే వేళకి బస్సు దిగాడు.

ఆ కాళ్ళు చూడాలి మీరు. నూనెలో పొంగిన బూరెల్లా ఉన్నాయి. సీమంతం నాటి గాజులు చేతులకి బిగుసుకుపోయి చర్మంలోకి దిగాయి. పగలగొడదామే అంటే వాళ్ళమ్మ మాణిక్యమ్మ ఒప్పుకోదు, కడుపుతో ఉన్న పిల్ల గాజులు పగలగొట్టడమేమిటత్తయ్యా అని నా మీదికొచ్చింది. తలనొప్పని నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని, నడిమింట్లో చాప మీద పడుకుని ఉంది పిల్ల. నీ మాటేమిటే రత్నం, వెళ్తావా ఉంటావా అని అడిగాను. మీ ఇష్టం నాయనమ్మా అంది. పెళ్ళిచూపులనాడూ అదే మాట. దాని ఇష్టం ఏమిటో దాని కడుపులో బిడ్డకైనా తెలుసో లేదో.

మాణిక్యమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. గిన్నెలు మాత్రం మోగుతున్నాయి. కాన్పుకని తెచ్చుకున్న పిల్లని కన్నవాళ్ళు కనకుండానే సాగనంపారంటే రేపు వీధిలో తలెత్తుకునేదెలా అని నాకు వినపడేట్టు పొయ్యితో చెప్పుకుంటోంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది దానికి. అది పొయ్యితో కూడా చెప్పుకోదు.

మధ్యాహ్నం ఇద్దరికీ పక్కపక్కనే పీటలు వేసి వడ్డించాం. వంకాయ కూర, పచ్చిపులుసు. అల్లుడు ముద్ద కలిపి కలిపి ఊరుకున్నాడు. చెంచురామయ్య విస్తరి వంక చూస్తూ నన్ను పిలిచాడు.

"అమ్మా, అల్లుడుగారికి చెప్పు. మన ఊరి నుంచి పురుటికని గుంటూరు ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు ఇప్పటికి ఏడుగురు. నలుగురు తిరిగి రాలేదు. సగానికి పైన."

అల్లుడు పక్కనే ఉన్నాడు, వాడి మోచెయ్యి వీడి మోచేతికి తగులుతోంది. అయినా చెప్పాల్సింది నేనే. చెప్పాను.

అల్లుడు కూడా నాతోనే అన్నాడు, మామ్మగారూ, మామయ్యగారితో చెప్పండి, గుంటూరు ఎగ్జిబిషన్లో పెద్ద అట్ట మీద రాసి పెట్టారు, నేను కళ్ళారా చదివాను, ఆసుపత్రిలో పురుడు పోసుకున్న నూరుమందిలో తొంభైఎనిమిది మంది బిడ్డనెత్తుకుని క్షేమంగా ఇంటికెళ్ళారని.

"అట్ట మీద ఏదైనా రాయొచ్చు" అన్నాడు చెంచురామయ్య విస్తరితో. "మా మంత్రసాని అంకమ్మ చేతిమీద రెండొందల పైన పురుళ్ళు జరిగాయి. ఒక్క తల్లి పోలేదు. ఒక్కళ్ళు. ఇది అట్ట మీద రాసింది కాదు, మా వీధిలో జరిగింది."

అల్లుడు చెయ్యి కడిగేసుకున్నాడు. మా ఇంట్లో అల్లుడు మజ్జిగ పోసుకోకుండా లేవడం అదే మొదలు. మాణిక్యమ్మ గుమ్మంలో మజ్జిగ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నేను చదువుకున్నదాన్ని కాను. సంతకం పెట్టమంటే వేలు చాపుతాను. ఒకడు నూటికి ఇంతంటాడు, ఒకడు ఏడింట్లో ఇంతంటాడు, ఇద్దరి మొహాల్లోనూ అబద్ధం లేదు. చెంచురామయ్య చెప్పిన ఏడుగురూ నాకు తెలుసు. అయితే వాడికి ఏడుగా తెలుసు, నాకు మనుషులుగా తెలుసు. బుల్లయ్య పెళ్ళాం నవ్వితే పైచిగురు కనపడేది. పేరయ్య కోడలు మినపసున్ని ఇష్టంగా తినేది. జాన్ బాషా పెళ్ళాం ఖుర్షిదా తిరిగొచ్చిన ముగ్గురిలో ఒకతె, కొడుకునెత్తుకుని బస్సు దిగింది, ఇప్పటికీ కనపడితే బాగున్నావా పిన్నీ అంటుంది.

ఆ ఏడుగురిలో మొదటిది నా కూతురు వెంకాయమ్మ. చెంచురామయ్యకి అక్క.

దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన బండి తోలింది వాడే. మీసం సరిగా రాని వయసు. గడ్డి పరిచి, బొంత వేసి, అక్కని పడుకోబెట్టి, చిలకలూరిపేట రోడ్డు పొడుగునా ఎడ్లని పరిగెత్తించాడు. ఆసుపత్రి గేటు దగ్గర వెనక్కి తిరిగి అక్కా వచ్చేశామే అన్నాడట. అక్క పలకలేదు. ఆ తరవాత వాడు ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు, నాతో కూడా. కాని ఊళ్ళో ఎవరి ఇంటి ముందు రాత్రిపూట బండి కట్టినా వాడు లేచి కూర్చునేవాడు. అలా లెక్క పెట్టుకున్నాడు వాడు ఏడు.

ఆ సంగతి అల్లుడికి తెలీదు. తెలియకుండా అట్టా గిట్టా అంటే చెంచురామయ్యకి ఎలా ఉంటుంది. పోనీ వీడు చెప్తాడా అంటే అల్లుడి ముందు కంట నీరు పెట్టుకోవడం కంటే ఆ పెట్టె మోయడమే నయం వీడికి.

పొద్దు వాలుతుండగా అంకమ్మ వచ్చింది. మాణిక్యమ్మే కబురు పెట్టింది. మనిషి సన్నంగా, నల్లగా, చేతులు మాత్రం పెద్దవి. మా వీధిలో ముప్పాతిక మందిని భూమ్మీద పడేసింది ఆ చేతులే. రత్నాన్నీ ఆవిడే పట్టింది. వచ్చీ రాగానే అరుగు మీద కూలబడి, అల్లుణ్ణి ఎగాదిగా చూసి, ఏమయ్యా, మా చేతులు నీకు పనికిరావంట అంది. అల్లుడు లేచి నిలబడ్డాడు. నిలబడి ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ కూర్చున్నాడు. అంకమ్మ నవ్వింది. పురుడొచ్చేది నీకు కాదులే, కూర్చో అంది.

చెంచురామయ్యకి బలమొచ్చింది. నువ్వే చెప్పు అంకమ్మా అన్నాడు.

"ఏముందయ్యా చెప్పేదానికి. రెండొందల చేటలు అందుకున్నా. మా ఆయన బతికున్నప్పుడు చేటలు పెట్టుకోను ఇంట్లో చోటు లేదని తిట్టేవాడు."

మా వైపు పద్ధతి అది. పురుడు బాగా జరిగి, తల్లికి పురిటి స్నానం చేయించిన రోజున, మంత్రసానికి కొత్త చేటలో బియ్యం పోసి, పసుపు కొమ్ములు వేసి, చీర మడత పెట్టి ఇస్తాం. చేట అందుకుంటేనే ఆ పురుడు ఆమెదైనట్టు. ఆమె చెప్పుకునేదీ చేటల లెక్కే, ఊరు చెప్పుకునేదీ చేటల లెక్కే. మేమందరం అలాగే చెప్పుకున్నాం ఎన్నో ఏళ్ళు.

ఆవేళ ఎందుకో ఆ చేటలన్నీ నా కళ్ళ ముందు కదిలాయి. ఎవరింట్లో ఏ చేట, ఏ చీర. ఇద్దరికి మంగళగిరి చీరలు, ఒకరికి చీరాల ముతక చీర. అన్నీ తలుచుకుంటూ పోతే ఒకచోట ఆగిపోయాను.

"అంకమ్మా, మా వెంకాయమ్మకి రెండు రాత్రులు నువ్వే గదా పక్కన ఉన్నది?"

"నేనే గదమ్మా."

"మేం నీకు చేట ఇచ్చామా?"

అంకమ్మ నోట్లో తాంబూలం నమలడం ఆపింది. చెంచురామయ్య తలెత్తాడు. ఆ పేరు ఆ ఇంట్లో పైకి అని ఎన్నాళ్ళయిందో.

లేదమ్మా, స్నానం దాకా రాలేదు గదా, చేట ఎలా ఇస్తారు అంది అంకమ్మ. బుల్లయ్య పెళ్ళానికి అని అడిగాను. ఆమె బండెక్కింది గదమ్మా అంది. పేరయ్య కోడలికి అన్నాను. ఆమెదీ బండే అంది. పోయినవాళ్ళు నలుగురూ అంతే. రెండు రాత్రులో మూడు రాత్రులో ఇక్కడ నొప్పులు పడి, ఇక నా వల్ల కాదు బండి కట్టించండని అంకమ్మ చేతులు కడుక్కుంటే, అప్పుడు పరిచాం గడ్డి, అప్పుడు వేశాం బొంత.

"అయితే నేను అబద్ధమాడానంటారా అమ్మా?"

గొంతులో కోపం లేదు. దెబ్బ తిన్న మనిషి గొంతు. నేను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అది కాదే, నువ్వు చెప్పిన ప్రతి చేటా నిజమే అన్నాను. చేట అందుకోని పురుళ్ళు నీ లెక్కలోకి రాలేదు, అంతే. అవన్నీ పోయి గుంటూరు లెక్కలో పడ్డాయి. ఇక్కడ చావుకి దగ్గరపడ్డాకే అక్కడికి పంపాం, అక్కడికి వెళ్తే చస్తారని చెప్పుకున్నాం. అబద్ధం నువ్వొక్కదానివే ఆడావా, ఊరంతా కలిసి నిజాలే చెప్పుకుంటూ మోసపోయాం.

అల్లుడి మొహం వెలిగింది. అదే నేను చెప్తున్నది మామ్మగారూ అని ముందుకి జరిగాడు.

"నువ్వాగు నాయనా. నీ అట్ట మీద నూరుమంది ఎవరు?"

తెలియదన్నాడు. గుంటూరు వీధుల్లో ఉంటూ, నొప్పి మొదలవగానే రిక్షా ఎక్కి వెళ్ళినవాళ్ళా, మనలా దూరాన ఉండి ఒళ్ళంతా వాచి వెళ్ళినవాళ్ళా అని అడిగాను. ఆ సంగతి అట్ట మీద రాయలేదన్నాడు. రాయలేదా నేను చూడలేదా చెప్పలేనన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు వాడంటే ఇష్టం కలిగింది. తెలియంది తెలియదన్నాడు.

కల్లంలో మిరపకాయ తిరగేస్తున్నట్టున్నారు, గాలికి ఘాటొచ్చి అల్లుడికి తుమ్ము మీద తుమ్ము. చెంచురామయ్య మాత్రం నేల చూపులు చూస్తున్నాడు. పైపంచె కొస వేళ్ళకి చుడుతున్నాడు, విప్పుతున్నాడు.

"అక్కని ముందురోజే తీసుకెళ్ళి ఉంటే?" అన్నాడు.

నన్ను అడిగాడో, అంకమ్మని అడిగాడో, తనని తానే అడుక్కున్నాడో. అల్లుడు మామగారి వంక మొదటిసారి తిన్నగా చూశాడు. ఏ అక్క అని అడగలేదు. అర్థమైనట్టుంది. లేచి వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు, కొంచెం ఎడంగా.

నాకేం తెలుసురా, ఎవరికి తెలుసు అన్నాను. బతికేదని చెప్పను, బతకదని చెప్పను. పోయినవాళ్ళ లెక్కతో రత్నాన్ని ఆపొద్దు, బతికినవాళ్ళ లెక్కతో తీసుకెళ్ళొద్దు. లోపల పడుకుని ఉంది, వెళ్ళి దాన్ని చూడండి ముందు అన్నాను.

అంకమ్మే లేచింది. చెంబుతో కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. మాణిక్యమ్మ వెనకాలే వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

అంకమ్మ రత్నం పక్కన కూర్చుని, చీర కుచ్చిళ్ళు పైకి జరిపి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసింది. గుంట అలాగే ఉండిపోయింది, పిండిలో వేలు దించినట్టు. అది ఎప్పటికి పూడుతుందా అని మేం ముగ్గురం చూస్తూ ఉండిపోయాం. పూడలేదు. పొద్దున ఒంటికి వెళ్ళావా అని అడిగింది అంకమ్మ. చాలా కొంచెమే అంది రత్నం, ఎర్రగా.

అంకమ్మ కుచ్చిళ్ళు సర్దింది. పిల్ల చెంప మీద ఒకసారి చెయ్యి వేసి బయటికి వచ్చింది.

"ఈ చేట నాకొద్దమ్మా. బండి కట్టించండి."

మెల్లగానే అంది. కాని మా వీధిలో ఆ మాట మెల్లగా అన్నా గట్టిగా అన్నా ఒకటే. అంకమ్మ నోట బండి అన్న మాట వచ్చిందంటే ఇంట్లో ఆడవాళ్ళు జుట్టు విరబోసుకునేవాళ్ళు. మాణిక్యమ్మ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారింది. ఏడవలేదు. ఏడుపు రాలేదు దానికి.

చెంచురామయ్య కొట్టం వైపు నడిచాడు. కాడి మీద చెయ్యి వేశాడు. వేసి నిలబడిపోయాడు. ఆ చెయ్యి పైకి లేవదు, కిందికి దిగదు. అల్లుడు సాయం పడదామని వెళ్ళి, వాడి మొహం చూసి రెండడుగుల దూరంలోనే ఆగాడు.

అప్పుడు వినపడింది రత్నం గొంతు.

"నేను బండి ఎక్కను."

గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. నుదుటి గుడ్డ చేత్తో పట్టుకుంది. ఇదేం పెంకితనమే తల్లీ, ఇంతసేపూ మీ ఇష్టం మీ ఇష్టం అని, తీరా అందరూ ఒప్పుకున్నాక అన్నాను. అల్లుడి మొహం పాలిపోయింది.

"ఆసుపత్రికి వెళ్తాను నాయనమ్మా. బండి ఎక్కను. అత్త ఎక్కింది గదా అందులో. నేను బస్సుకి నడిచి వెళ్తాను."

దానికి అత్త సంగతి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలీదు. మేం చెప్పలేదు. ఇళ్ళలో పిల్లలకి చెప్పకుండానే అన్నీ తెలుస్తాయి.

నడవకూడదేమో అని మాణిక్యమ్మ లేచింది. రోడ్డు మన వీధి చివరే గదమ్మా, నా భుజం మీద చెయ్యేసి మెల్లగా నడుస్తుంది అన్నాడు అల్లుడు. అత్తగారిని వాడు అత్తయ్యగారూ అనడం మానేసి అమ్మా అనడం అప్పుడే మొదలు. గుంటూరు వెళ్ళే ఆఖరి బస్సు ఇంకాసేపట్లో వస్తుంది. అది పోతే మళ్ళీ తెల్లారాకే.

రత్నం చెప్పుల్లో కాలు పెట్టబోయింది. పట్టలేదు. రెండో కాలూ పట్టలేదు. వాళ్ళమ్మవి తెచ్చారు, అవీ పట్టలేదు. పిల్ల ఆ చెప్పుల వంక చూస్తూ మొదటిసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నొప్పికి ఏడవని పిల్ల చెప్పులకి ఏడ్చింది.

చెంచురామయ్య కొట్టం దగ్గర్నుంచి వచ్చాడు. కాళ్ళకున్న తోలు చెప్పులు విడిచాడు. వంగి, పైపంచెతో వాటి దుమ్ము తుడిచి, కూతురి పాదాల ముందు పెట్టాడు. అవి పట్టాయి.

మా వైపు ఆడపిల్ల తండ్రి కాళ్ళకి మొక్కడమే తప్ప, కూతురి కాళ్ళ ముందు ఏ తండ్రీ వంగగా నేను చూడలేదు. అంకమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

వీధిన పడ్డాం. పిల్లకి ఒక పక్క మొగుడు, ఇంకో పక్క నేను. చెంచురామయ్య చెప్పుల్లేకుండా ముందు నడుస్తూ, ఎత్తుపల్లాలు చూసి ఇటు రండి, ఇటు రండి అంటున్నాడు. అల్లుడితోనే అంటున్నాడు, మధ్యలో నేను లేకుండా. కల్లంలో తాలు కాయ ఏరుతున్న ఆడవాళ్ళు చేతులాపి చూశారు. కాన్పుకి ఆసుపత్రికి నడిచి వెళ్తున్న మనిషిని ఆ ఊరు అంతవరకూ చూడలేదు. ఖుర్షిదా మాత్రం చేతులు దులుపుకుని లేచొచ్చి, రత్నం నడుం వెనక చెయ్యి వేసి మాతో నడిచింది. ఎక్కడికి అని అడగలేదు.

రోడ్డెక్కేసరికి రత్నానికి ఊపిరి అందడం లేదు. రాతి మీద కూర్చోబెట్టాం. కూర్చుంది గాని కళ్ళు మూసుకోలేదు. పడమటి వైపు దుమ్ము లేచింది. బస్సు వస్తోందన్నాడు అల్లుడు. చెంచురామయ్య రోడ్డు మధ్యకి వెళ్ళి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు.

రత్నం నా చెయ్యి పట్టుకుని లేచింది. ఆ దుమ్ములోకి కళ్ళు చికిలించి చూసింది. చాలాసేపు చూసింది.

"నాన్నా, రెండు బస్సులొస్తున్నాయి. మనం ఎక్కేది ఏది?"

రోడ్డు మీద ఉన్నది ఒక్కటే బస్సు.

చెంచురామయ్య ఎత్తిన చేతులు దించకుండా వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. తరవాత నన్ను చూశాడు. నేను రత్నం చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ముందుదే తల్లీ" అన్నాడు. "ముందుదే ఎక్కుదాం."